బాత్రూముకు చెల్లెలు ఎంచిన రంగు

గోడలోపలి పైపు పగిలి బాత్రూమంతా చెమ్మెక్కిపోతే, గోడపనీ రంగుపనీ రెండూ చేసే మేస్త్రి వచ్చి పాత పెచ్చులన్నీ రాల్చాడు. కొత్త పైపు వేశాడు. గోడలకు మళ్ళీ నున్నగా సిమెంటు పూసి, "బాగా ఆరనివ్వండమ్మా. వచ్చే సోమవారం వచ్చి రంగేస్తాను. ఏ రంగో ఈలోగా తేల్చుకోండి" అని రంగుల కార్డొకటి చెల్లెలి చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఆ బాత్రూము నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. తలుపు పూర్తిగా తెరిస్తే బకెట్టుకు కొట్టుకుంటుంది. తూర్పువైపు కప్పుకు దగ్గరగా పుస్తకమంత కిటికీ ఒకటి ఉంది. ఇంత చిన్నగదికి రంగు తేల్చుకోవడం ఎంతసేపని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ఇంట్లో ఇద్దరు కలిసి రంగు తేల్చుకోవడమన్నది అంతవరకూ జరగలేదు. రంగు మాట ఎప్పుడు వచ్చినా అక్క చెప్పేది, చెల్లెలు సరేననేది.

దానికి కారణం ఉంది. అక్క ముప్పై ఒక్క ఏళ్ళు దారాల కొట్టులో పనిచేసింది. కుట్టుపని వాళ్ళు గుడ్డముక్క పట్టుకొచ్చి బల్ల మీద పెడితే, ఆమె దానివంక ఒక్కసారి చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి డ్రాయరు లాగేది. చేతికొచ్చిన దారపు ఉండ గుడ్డమీద పెడితే ఎక్కడుందో కనపడేది కాదు. ఆ వీధిలో అందరికీ ఆమె రంగులక్క. చెల్లెలు తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేస్తుంది. వీధుల పేర్లూ ఇంటి నంబర్లూ అన్నీ నోటికొచ్చు గానీ, తనకు ఏ రంగు బాగుంటుందో మాత్రం చిన్నప్పట్నుంచీ అక్కనడిగే తెలుసుకుంది. అక్క ఆమెకు బూడిదరంగు, మట్టిరంగు, గోధుమరంగు బాగుంటాయని ఎప్పుడో తేల్చేసింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా చెల్లెలి అలమరా తెరిస్తే వానాకాలం ఆకాశంలా ఉంటుంది.

గోడలు ఆరుతున్న రోజుల్లోనే అక్క కుడికంటికి ఆపరేషన్ జరిగింది. రెండు కళ్ళలోనూ ఆరేడేళ్ళుగా పొర పెరుగుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "నా కళ్ళకేమైంది? వీధి చివర ఎవరు వస్తున్నారో చెప్పనా?" అని కొట్టిపారేసేది. చివరికి ఒకరోజు ఇంకో మెట్టు ఉందనుకుని లేని మెట్టు మీద కాలేసింది. పడలేదు గానీ, చెల్లెలు ఆ సాయంత్రమే డాక్టరు దగ్గర పేరు రాయించేసింది. ముందు కుడికన్ను, ఆరు వారాలాగి ఎడమకన్ను చేస్తామన్నారు.

గురువారం పొద్దున కట్టు విప్పారు. చెల్లెలు సెలవు పెట్టి అక్కను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. హాల్లో కూర్చోబెట్టి, నల్లకళ్ళద్దాలు తీసి, మందు చుక్కలు వేసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు పొయ్యి మీద పెట్టిందో లేదో హాల్లోంచి కేక వినపడింది.

"ఏమే! నేను ఆసుపత్రిలో ఉండగా గోడలకి రంగులు వేయించావా?"

చెల్లెలు గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఒక్క పూటలో ఎవరు వేస్తారక్కా?"

"మరి ఈ నీలం ఎక్కడిది? గోడలకి నీలిమందు ఎవరు పూశారు?"

చెల్లెలు గోడలవంక చూసింది. నీలమే. నాలుగేళ్ళుగా నీలమే. అప్పట్లో ఇదే మేస్త్రి చూపించిన తెలుపులన్నీ అక్కకు పచ్చబడిన పాతగుడ్డల్లా కనపడ్డాయి. ఒక్కటి మాత్రం వేలితో చూపించి, "ఇదీ అసలైన పాలరంగు" అంది. అది లేతనీలం. మేస్త్రి చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. అతను ఇంకేం మాట్లాడకుండా వేసేసి వెళ్ళాడు.

"మనం పాలరంగు కదే వేయించాం?" అంది అక్క.

"నువ్వు పాలరంగన్నావు."

అక్క కుడికన్ను మూసి ఎడమకంటితో చూసింది. పాలరంగు. ఎడమకన్ను మూసి కుడికంటితో చూసింది. నీలం. మళ్ళీ మార్చింది. మళ్ళీ మార్చింది. తర్వాత లేచి, ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలెట్టింది. కాలికి కుర్చీ తగలకుండా చెల్లెలు వెనకాలే నడిచింది.

"ఈ తువ్వాలు తెల్లదా! నేను దీన్ని పాతబడిందని తుడుపుగుడ్డ చేశానే!"

"చేశావు."

"ఈ దిండుగలీబులు రెండూ ఒక రంగు కాదే!"

"కాదు."

"ఈ స్వెట్టరు..." అక్క చిలక్కొయ్య మీదున్న చెల్లెలి స్వెట్టరు చేతిలోకి తీసుకుంది. తనే అల్లింది, మూడు చలికాలాల కిందట. నల్ల ఊలు ఉండలు చాలక ఇంకో రెండు కొనుక్కొచ్చి పూర్తి చేసింది. దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి కుడికంటితో చూసింది. ఒళ్ళూ ఒక చెయ్యీ నలుపు. రెండో చెయ్యి ముదురునీలం.

"ఇది వేసుకుని మూడేళ్ళు ఆఫీసుకి వెళ్ళావా?"

"చలికి రంగు తెలుస్తుందా అక్కా? వెచ్చగా ఉంది, వేసుకున్నాను."

"ఎవరూ నవ్వలేదూ?"

"మొదట్లో నవ్వారు. తర్వాత అది ఫ్యాషననుకున్నారు. కౌంటరులో కూర్చునే అమ్మాయి తనకీ ఒకటి అల్లిపెట్టమని అడిగింది కూడా."

అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మంచం మీద కూలబడింది. నవ్వు ఆగాక స్వెట్టరు చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

అక్క ఆలోచించింది. "ఒప్పుకునేదాన్ని కాదు" అంది. స్వెట్టరును ఒళ్ళో మడతపెడుతూ, "అంటే ఆ కోటు కూడా నల్లది కాదన్నమాట" అంది.

ఏ కోటో చెల్లెలికి తెలుసు. ఐదేళ్ళ కిందట ఒకాయన ముదురునీలం కోటు పట్టుకొచ్చి కుట్టు ఊడిందని దారం అడిగితే, అక్క నల్లదారం ఇచ్చింది. ఆయన మర్నాడు వచ్చి కోటు తిప్పిచూపించాడు. కొట్టాయన చూసి, "ఇది నీలం కదా పెద్దక్కా" అన్నాడు. "నాకు రంగులు నేర్పుతావా?" అని డ్రాయర్ల తాళాలు బల్లమీద గిరాటేసి అక్క ఇంటికొచ్చేసింది. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. సూది కావాలన్నా చుట్టుతిరిగి ఇంకో కొట్టుకు వెళ్ళేది.

శుక్రవారం సాయంత్రం చెల్లెలు రంగుల కార్డు తెచ్చి అక్క ముందు పెట్టింది. "సోమవారం మేస్త్రి వస్తాడు. బాత్రూముకి ఏ రంగో చెప్పు."

అక్క కార్డు అందుకుని కళ్ళు మార్చి మార్చి చూసింది. "ఇదిగో ఈ తెలుపు, కుడికంటికి మల్లెపువ్వు. ఎడమకంటికి ఉడకబెట్టిన బంగాళాదుంప. ఏ కన్ను మాట వినమంటావు? నా వల్ల కాదు. నువ్వు చెప్పు."

"నేనా?"

"నీకూ రెండు కళ్ళున్నాయి. అవి కొట్టుకోకుండా పనిచేస్తున్నాయి కూడా."

చెల్లెలు కార్డు తీసుకుంది. తెలుపే పదకొండు రకాలు. వాటి వెనక గులాబీలు, ఆకుపచ్చలు, బూడిదలు. పదో గడి దాటేసరికి ఆమెకు చెమట పట్టింది. "ఏదైనా ఫరవాలేదక్కా" అంది.

"ఏదైనా అనే రంగు ఈ కార్డులో లేదు" అంది అక్క. "వెతుక్కో."

శనివారం పొద్దున అక్క తయారై గుమ్మంలో నిలబడింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. "కొట్టుకి వెళ్దాం పద" అంది. ఏ కొట్టుకని చెల్లెలు అడగలేదు.

దారాల కొట్టు మారలేదు. నేల నుంచి కప్పుదాకా నాలుగువందల చిల్లర డ్రాయర్లు, వాటికి ఆనించిన చక్రాల నిచ్చెన, నడుమ అరిగి నున్నబడిన పొడవాటి బల్ల. బల్ల వెనక కొట్టాయన గుండీలు ఏరుకుంటున్నాడు. ఇరవయ్యేళ్ళవాడుగా ఉన్నప్పుడు అతనికి రంగులు నేర్పింది అక్కే. ఇప్పుడతనికి జుట్టు సగం నెరిసింది. గుమ్మంలో ఆమెను చూసి గుండీలన్నీ వదిలేసి లేచాడు.

"పెద్దక్కా! రండి, రండి. కూర్చోండి."

"ఉండు. కూర్చోమనకు. కూర్చుంటే చెప్పలేను" అంది అక్క. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "ఆ కోటు ముదురునీలం. నేనిచ్చింది నల్లదారం. నువ్వు మెల్లిగానే చెప్పావు. నేనే ఎగిరిపడ్డాను. కంట్లో పొర ఉందని తెలీదు. తెలిసినా ఒప్పుకునేదాన్ని కాదేమో. తప్పు నాది."

కొట్టాయన బల్ల ఇవతలికి వచ్చాడు. "ఐదేళ్ళుగా నేనూ ఒకటి అనుకుంటున్నాను పెద్దక్కా. ఆ మాట ఆ వచ్చినాయన ముందు అనకుండా ఉండాల్సింది. లోపలికి పిలిచి చెప్పాల్సింది" అన్నాడు.

"అవును. అది నీ తప్పు" అంది అక్క వెంటనే.

ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. అక్క అప్పుడు కూర్చుంది.

కూర్చున్నది రెండు నిమిషాలే. ఎదురుగా ఉన్న డ్రాయరు సగం తెరిచి ఉంది. ఆమె అందులోకి తొంగిచూసి, "ఇదేంటి? వంకాయరంగు పక్కన కాఫీపొడి రంగు పెట్టావేంటి?" అంది.

"మీరు వెళ్ళాక అన్నీ ఇలాగే కలిసిపోయాయి. అందాజుగా పెడుతున్నాను."

"అందాజుగానా!" అని అక్క లేచింది. ఒక డ్రాయరు బయటికి లాగి బల్లమీద బోర్లించింది. ఎడమకంటిని అరచేత్తో మూసుకుని, ఉండలు ఒక్కొక్కటే వెలుగులోకి జరిపి ముదురు నుంచి లేతకు వరసపెట్టడం మొదలెట్టింది. కొట్టాయన ఆమె ఏమంటుందో అని ఐదు తెల్లదారాలు తెచ్చి ముందు పెట్టాడు. "ఇది పాలు, ఇది మీగడ, ఇది సున్నం, ఇది బియ్యం. ఇది తెలుపు కాదు, లేతబూడిద. నన్ను పరీక్షిస్తున్నావా?" అంది తల ఎత్తకుండానే. అతను రెండు చేతులూ పైకెత్తేశాడు.

వాళ్ళిద్దరూ డ్రాయర్లలో మునిగిపోయారు. చెల్లెలికి చేసే పనేం లేదు. గోడవెంట మెల్లిగా నడుస్తూ డ్రాయర్లు ఒకటొకటే లాగి చూసింది. ఇన్నేళ్ళలో ఆమె ఈ కొట్టుకు అక్కకు అన్నం డబ్బా ఇవ్వడానికో, వానొస్తే గొడుగివ్వడానికో వచ్చింది తప్ప, డ్రాయరు తెరవలేదు. ఆకుపచ్చలు చూసింది, మూసింది. గులాబీలు చూసింది, మూసింది. కిటికీ పక్కన నడుమెత్తులో ఉన్న డ్రాయరు లాగి, మూయడం మర్చిపోయింది.

అందులో ఒక ఉండ ఉంది. నారింజ కాదు, ఎరుపు కాదు, గులాబీ కాదు. బాగా పండిన బొప్పాయిని కత్తితో రెండుగా కోసి విప్పినప్పుడు లోపల ఉంటుందే, ఆ రంగు. ఎండ దానిమీద పడుతోంది. చెల్లెలు దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. లోపల పెట్టేసింది. డ్రాయరు మూసింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ తెరిచింది.

"అక్కా, ఇదేం రంగు?"

అక్క బల్ల దగ్గర్నుంచి తిరిగి చూసింది. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు నాలుక చివరికొచ్చింది. అది నీకు నప్పదు, కళ్ళకు కొడుతుంది, దాన్ని అక్కడే పెట్టు. ఇవన్నీ వరసగా ఆమె నోట్లోకి వచ్చాయి. చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహంలో ఒక వెలుగు కనపడింది. ఎండ వెలుగేమో అనుకుంది గానీ, కాదు.

"నీకు నచ్చిందా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే కాదు. నచ్చిందా?"

"నచ్చింది" అంది చెల్లెలు. చెప్పి, ఏదో తప్పు చేసినదానిలా కొట్టాయన వైపు చూసింది.

"సరే. బాత్రూముకి అదే" అంది అక్క.

కొట్టాయన ఆ ఉండను కాగితంలో చుట్టి చెల్లెలికి ఇచ్చాడు. రెండో కన్ను కూడా అయ్యాక వారానికి రెండు పూటలు వచ్చి డ్రాయర్లు సరిచెయ్యమని అక్కను అడిగాడు. "ఆలోచిస్తాను" అంది అక్క. వీధి మలుపు తిరక్కముందే ఆలోచించేసి, మంగళవారమూ శుక్రవారమూ అయితే బాగుంటుందని చెల్లెలితో అంది.

సోమవారం మేస్త్రి నిచ్చెనా, డబ్బాలూ, కుంచెలూ తెచ్చుకుని వచ్చాడు. చెల్లెలు కాగితం విప్పి దారపు ఉండ చూపించింది. అతను దాన్ని చూసి, బాత్రూములోకి తల పెట్టి గోడలు చూసి, మళ్ళీ ఉండను చూశాడు.

"అమ్మా, చిన్నగదికి లేతరంగులు వేస్తారు. అప్పుడు గది కాస్త పెద్దగా కనపడుతుంది. ఇది వేస్తే అగ్గిపెట్టెలో దూరినట్టుంటుంది."

"పెద్దగా కనపడి ఏం చేస్తుంది? అందులో పెళ్ళి చేస్తామా?" అంది అక్క.

మేస్త్రి చెల్లెలి వైపు చూశాడు, నాలుగేళ్ళ కిందట చూసినట్టే. ఈసారి కళ్ళతో సైగ చేసింది అక్క. కుడికంటితో. "నాకు ఇప్పుడు కనపడుతోందయ్యా. హాలు గోడలు ఏ రంగో నీకు తెలుసు, దీనికీ తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు." మేస్త్రి మొహం కందగడ్డయింది. "నీ మీద కోపం లేదు. డబ్బా తెరువు" అందామె.

అతను తెల్లరంగులో పసుపు కలిపాడు, ఎరుపు కలిపాడు, కర్రతో తిప్పాడు. అక్క ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చుంది.

"ఎరుపు ఎక్కువైంది."

"ఎక్కడమ్మా?"

"ఎక్కువైంది. ఇంకాస్త పసుపు పొయ్యి. చాలు, చాలు. ఇప్పుడు తెలుపు ఒక చెంచా. ఊహూఁ, కొంచెం మురికి కావాలి దీనికి. మట్టిరంగు ఉందా? కుంచె కొసతో ముట్టించు. అంతే."

మేస్త్రి కర్రకంటిన రంగును దారం పక్కన పెట్టి చూశాడు. ఏది దారమో ఏది రంగో తెలియలేదు. "ఆరితే కాస్త ముదురుతుంది కదమ్మా" అన్నాడు, ఇప్పుడు గొంతు మార్చి.

"అందుకే ఒక చెంచా తెలుపు వేయించాను."

"మీరు ఈ పనిలోకి వచ్చుంటే మేమంతా ఇంట్లో కూర్చునేవాళ్ళం" అని అతను కుంచె ముంచాడు.

గోడమీద తలుపంత మేర పూసేసరికి చెల్లెలు వచ్చి చూసింది. బూడిదరంగు సిమెంటు మీద తడితడిగా ఆ రంగు కేకపెట్టినట్టుంది.  అక్కను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది.

"వద్దక్కా. ఆపించేద్దాం. ఆ మల్లెపువ్వు తెలుపే వేయిద్దాం."

"ఎందుకు?"

"బాగోలేకపోతే? ఎవరైనా వచ్చి చూస్తే? నేనెప్పుడైనా రంగు ఎంచానా? నాకేం తెలుసు?"

అక్క మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చింది. "బాగోలేకపోతే బాగోదు. నాలుగేళ్ళు నా నీలిగోడల మధ్య నోరెత్తకుండా బతికావు. నీ గోడల మధ్య నేను బతకలేనా?" అంది. చెల్లెలు నీళ్ళు తాగుతుంటే, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నాకూ కొంచెం భయంగానే ఉందిలే. శనివారం కొట్టునుంచి వచ్చేటప్పుడు దారిపొడుగునా ఉంది. అయినా వేయిద్దాం. చూద్దాం, ఏమవుతుందో" అంది.

ఇద్దరూ వంటింట్లో నిలబడి చిన్నపిల్లల్లా కిసకిసా నవ్వుకున్నారు. బాత్రూములోంచి మేస్త్రి, "ఆపమంటారా, పూయమంటారా?" అని అరిచాడు.

"పుయ్యండి!" అని అరిచింది చెల్లెలు. అంత గట్టిగా ఆమె అరవగా అక్క ఎప్పుడూ వినలేదు.

మొదటి పూత సోమవారం, రెండోది మంగళవారం అయ్యాయి. గోడలు ఆరుతున్న రోజుల్లోలాగే ఆ రెండు రోజులూ వాళ్ళు కింది వాటా వాళ్ళ బాత్రూము వాడుకున్నారు. మేస్త్రి వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి చాలాసేపు లోపలికి చూశాడు. "మా ఆవిడని ఒకసారి తీసుకొచ్చి చూపించొచ్చా అమ్మా?" అని అడిగాడు.

బుధవారం పొద్దున మొదట చెల్లెలే స్నానానికి వెళ్ళింది. తలుపు వేసుకునేసరికి పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి ఎదుటి గోడమీద పడింది. ఆ గోడ వెలుగును పక్కగోడకు ఇచ్చింది, అది ఇంకో గోడకు ఇచ్చింది. గది పెద్దగా ఏం కనపడలేదు. నాలుగడుగులకు ఆరడుగులే. కానీ బకెట్టులో నీళ్ళు ఆ రంగు పట్టాయి. ఆమె చేతులు ఆ రంగు పట్టాయి. అద్దంలో మొహం చూసుకుంటే, పొద్దున్నే లేచిన మొహంలా లేదు, ఎక్కడో మంచి కబురు విని పరుగెత్తుకొచ్చిన మొహంలా ఉంది. ఆమె చెంబు చేతిలో పట్టుకుని గోడమీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. నీళ్ళు పోసుకోవడం ఎప్పుడు మొదలెట్టిందో, పాడడం ఎప్పుడు మొదలెట్టిందో ఆమెకే తెలీదు.

బయట అక్క కుర్చీ లాక్కుని తలుపు పక్కన కూర్చుంది. చెల్లెలికి పాటలు వచ్చన్న సంగతి అరవై ఆరేళ్ళు వచ్చాక తెలుస్తోంది. మూడు పాటలు ఓపిగ్గా వింది. నాలుగోది మొదలయ్యాక తలుపు మీద దబదబా బాదింది.

"అయిందా? నేను కూడా చూడాలి!"

చెల్లెలు తలకు తువ్వాలు చుట్టుకుని, బుగ్గలు ఎర్రబడి, బయటికొచ్చింది. "డాక్టరు కంట్లో నీళ్ళు పడకూడదన్నాడు. మెడ కింది నుంచే పోసుకో" అంది.

"తెలుసు, జరుగు" అని అక్క లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

చెల్లెలు తల తుడుచుకుంటూ చెవి అటే పెట్టింది. ఏ చప్పుడూ లేదు. ఆఫీసు టైమవుతోంది. బట్టలు మార్చుకుంది, సంచీ సర్దుకుంది, చెప్పులేసుకుంది. అప్పటికీ చప్పుడు లేదు. ఆగలేక తలుపు దగ్గరికి వచ్చింది.

"అక్కా! ఎలా ఉంది?"

 లోపల్నుంచి మెల్లిగా, "ఏ కంటితో చూసినా బాగుందే" అని వినపడింది. ఆ తర్వాత ధారగా నీళ్ళ చప్పుడు, దానిమీద అక్క గొంతు, నవ్వు కలిసిన గొంతు.

"నువ్వు ఆఫీసుకి పో. నాకు ఇంకా చాలాసేపు పడుతుంది."